పేరు ఒకటే, ఫైళ్లు రెండు

అండమాన్‌లోని మిన్నీ బే పేరుతో ఉమ్మడి సర్వర్‌లో ఒక ఫోల్డరు తెరిచారనుకుందాం. కంటికి కనిపించేవి మూడే అక్షరాలు: మి, న్నీ, బే. సర్వర్ లెక్కలో అవి 25 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో హల్లుకు, గుణింతం గుర్తుకు, పొల్లుకు విడివిడిగా మూడేసి బైట్లు పడతాయి. మధ్యలో ఖాళీకి ఒకటి. ఇంగ్లీషులో రాస్తే ఇదే పేరు 10 బైట్లలో సరిపోతుంది.

లినక్స్ సర్వర్లలో ఫైలు పేరుకు మామూలు హద్దు 255 బైట్లు, అంటే 85 తెలుగు గుర్తులు. ‘స్త్రీ’ ఒక్కదానికే ఆరు ఖర్చవుతాయి! విండోస్‌ డిస్కులో మాత్రం 255 తెలుగు గుర్తులూ పడతాయి. అందుకే అక్కడ హాయిగా ఉన్న పొడుగు పేరు సర్వర్‌కు కాపీ చేయబోతే ఆగిపోతుంది. ఉత్తర్వు సారాంశమంతా ఫైలు పేరులోనే రాసే ఆఫీసులు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

అన్నిటికన్నా నన్ను ఆశ్చర్యపరిచేది ఐత్వం. యూనికోడ్‌లో దీన్ని రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే గుర్తుగా, లేదా పైన ఎత్వం, కింద తోక అని రెండు ముక్కలుగా. తెలుగు గుర్తుల్లో ఇలా విడిపోయేది ఇదొక్కటే. విండోస్‌లో టైపు చేస్తే ఒకే గుర్తు పడుతుంది. 1998లో వచ్చిన ఆపిల్ హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు దాన్ని విడగొట్టి దాస్తాయి. లినక్స్ బైట్లను మాత్రమే పోల్చుకుంటుంది. కాబట్టి ఓడ టికెట్లు దాచిన ‘వైజాగ్’ ఫోల్డరును అలాంటి మ్యాక్ నుంచి ఒకసారి, విండోస్ నుంచి ఒకసారి సర్వర్‌కు పంపితే, ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు పక్కపక్కన కనిపించవచ్చు. వెతికితే ఒకటే దొరుకుతుంది. ఎంత పరీక్షగా చూసినా తేడా పట్టుకోలేం. పేరు సరిగ్గానే కొట్టిన మనిషిని తప్పు పట్టే ముందు ఈ సంగతి తెలిసుండాలి.

‘సాఫ్ట్‌వేర్’లో ట కింద వ ఒత్తు పడకుండా ఆపే కనిపించని గుర్తు ఒకటుంది. దానికీ మూడు బైట్లే. అది పేరు చివర పొరపాటున మిగిలితే మళ్లీ అదే చిక్కు.

తెలుగుకు పెద్దబడి, చిన్నబడి లేవు. ఇంగ్లీషు పేర్లకు విండోస్, లినక్స్‌ల మధ్య ఎదురయ్యే ఆ తగాదా మనకు లేదు.

విండోస్‌లో తెలుగుకు పాత తరహా ‘యాన్సీ’ కోడ్‌పేజీ లేనే లేదు. అందుకే యూనికోడ్ తెలియని ప్రోగ్రాములకు మన పేర్లు ప్రశ్నార్థకాల వరుసగా కనిపించేవి. ఫైలు పేరులో ప్రశ్నార్థకం నిషిద్ధం గనుక ఆ ఫైలు తెరుచుకునేది కాదు. లినక్స్ యంత్రాన్ని విండోస్‌ వాళ్లకు ఫైల్ సర్వర్‌గా చూపించే సాంబాను ఆండ్రూ ట్రిడ్జెల్ ఆస్ట్రేలియాలో మొదలుపెట్టారు. అందులో యూనికోడ్ పేర్లకు దారి తెరిచింది 2003 నాటి 3.0 వెర్షన్.

ఐత్వం విడిపోయిన పేర్లను తిరిగి కలపడానికి లినక్స్‌లో కన్వ్‌ఎమ్‌వీ అనే ఉచిత పరికరం ఉంది. అది ముందు ఏ పేరు ఎలా మారుతుందో చూపిస్తుంది. ‘నోటెస్ట్’ అని ప్రత్యేకంగా చెబితేనే మారుస్తుంది.