అంతు చిక్కని జ్వరము

జ్వరము వచ్చును, పోవును, మరల వచ్చును. పగలు పొలము పనికి పోగలిగిన మనిషి సాయంకాలమునకు మంచము పట్టును. తెల్లవారుసరికి పక్కబట్టలు చెమటతో తడిసిపోవును. నడుము నొప్పి, కీళ్ళ నొప్పి, అన్నహితవు లేకపోవుట. మొదట మలేరియా యని, పిదప టైఫాయిడ్ అని మందులు వాడుదురు. తగ్గినట్లే తగ్గి కొన్నాళ్ళకు మరల మొదలగును. ఇట్టి రోగిని అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు: "మీ యింట పశువు లున్నవా? ఈ మధ్య ఏదైనను ఈసుకుపోయినదా?"

పలమనేరు చెంతనున్న గంగవరము మొదలు పుంగనూరు, మదనపల్లె, కుప్పము వరకు ఈ ప్రశ్న యక్కరలేని పల్లె అరుదు. వాన తప్పిన యేట సంసారమును గట్టెక్కించునది పాడియే. పుంగనూరు పొట్టి ఆవు జాతిని కాపాడు పశు పరిశోధనా స్థానము పలమనేరులోనే యున్నది. అయినను నేడు కొట్టములలో ఎక్కువగా కనిపించునవి సీమ ఆవులు. పశువునకు గర్భస్రావమును, మనిషికి విడువని జ్వరమును తెచ్చు ఈ సూక్ష్మజీవి పేరు బ్రూసెల్లా.

దీని చరిత్ర మాల్టా ద్వీపమున మొదలైనది. అచ్చట జ్వరముతో మరణించిన సైనికుల ప్లీహము నుండి 1887లో డేవిడ్ బ్రూస్ ఈ జీవిని వేరుచేసెను. అది ఎచ్చటి నుండి వచ్చుచున్నదో తెలియుటకు 1905 వరకు ఆగవలసి వచ్చినది. ఆ యేడు జామిట్ అను మాల్టా వైద్యుడు, చూపులకు ఆరోగ్యముగా నున్న మేకల రక్తమున దీనిని కనుగొనెను. మరుసటి యేడు సైనికులకు మేకపాలు నిలిపివేయగా వారిలో జ్వరము దాదాపు మాయమైనది. ఆవుల గర్భస్రావమునకు కారణమైన జీవిని డెన్మార్కులో బాంగ్ 1897లోనే కనుగొనియుండెను. ఈ రెండును దగ్గరి చుట్టములని 1918లో అమెరికాలో ఆలిస్ ఎవాన్స్ చెప్పగా పెద్దలు నమ్మలేదు. 1922లో ఆ వ్యాధియే ఆమెకు సోకినది. అది శరీరవ్యాధి కాదు, నరముల బలహీనత యని వైద్యులే ఆమెతో ననిరి! నేటికిని ఇట్టి మాట విను రోగులు లేకపోలేదు.

ఈసుకుపోయిన పిండములోను, మాయలోను, ఆ స్రావములలోను ఈ జీవులు కోట్లకొలదిగా నుండును. వట్టి చేతులతో మాయను లాగువారికి చేతి గాయముల ద్వారా, కంటి ద్వారా, ఊపిరి ద్వారా సోకును. పచ్చిపాలు మరియొక దారి. గుమ్మపాలు బలమని పిల్లలకు పట్టు అలవాటు నాకు సమ్మతము కాదు. పొంగువరకు కాచినచో ఆ జీవి చచ్చును, పాలకు లోటేమియు రాదు.

సాయంకాలపు జ్వరము, చెమటలు, చిక్కిపోవుట క్షయ లక్షణములు కూడను. 1912లో ఆరంభమైన ఆరోగ్యవరము క్షయ వైద్యశాల పేరెరిగిన మదనపల్లె ప్రాంతమున ఆ అనుమానము ముందుగా కలుగుట సహజము. చిక్కేమనగా, రిఫాంపిసిన్, స్ట్రెప్టోమైసిన్ రెండు వ్యాధులకును పనికివచ్చు మందులే. ఊహపై మొదలిడిన చికిత్స అసలు రోగమును మరుగుపరచగలదు. కావున ముందు రక్తపరీక్ష జరుగవలెను. పశువుల సంగతి పరీక్షశాల వారికిని చెప్పవలెను. రక్తము నుండి ఈ జీవిని పెంచునప్పుడు అది వారికే సోకవచ్చును.

ఈ జీవి మన శరీరకణముల లోపలనే దాగియుండును. అందువలన డాక్సీసైక్లిన్‌తో పాటు వేరొక మందును చేర్చి సాధారణముగా ఆరు వారములు చికిత్స చేయుదురు. జ్వరము అంతకు చాల ముందే తగ్గును. అప్పుడు మందు మానినవారికే తరచుగా మరల తిరుగబెట్టును. వెన్నెముకకు, గుండెకు పాకిన యెడల చికిత్స ఇంకను దీర్ఘము.

మనుష్యులకు టీకా లేదు, పశువులకు కలదు. 2019లో ఆరంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ కార్యక్రమము క్రింద నాలుగు నుండి ఎనిమిది నెలల పెయ్యదూడలకు జీవితమున ఒకే పర్యాయము వేయుదురు. అది సజీవమైన టీకా గనుక సూది వేయువారు జాగ్రత్త వహింపవలెను.

ఈసుకుపోయిన ఆవును మాటాడక సంతకు తోలుట మన యూళ్ళలో కలదు. అప్పు మీద కొన్న ఆవు పాలీయకున్న రైతు మరేమి చేయునని యడుగవచ్చును. కాని కొన్నవాని కొట్టమునకు రోగము దానితోనే పోవును. ఈసుకుపోయిన వెంటనే పశువైద్యునికి కబురంపి, ఆవును వేరుగా కట్టి, పిండమును మాయను చేతితొడుగులతో తీసి, కుక్కలు త్రవ్వలేనంత లోతున సున్నము చల్లి పూడ్చవలెను. ఇంట గర్భిణి యున్నచో ఆమెను ఆ పని దరికి రానీయరాదు.