అంపైరుగారి కాళ్ళు ఎన్ని ఆటలకు ఓర్చుకుంటాయి?

"మా వారు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వయసు 52. వేసవి సెలవులు ఇచ్చింది మొదలు క్రికెట్ టోర్నమెంట్లకు అంపైరుగా వెళతారు. రోజుకు రెండు మ్యాచ్‌లు, ఒక్కోరోజు మూడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కాళ్ళు పొంగి బూట్లు ఊడిరావు. మానెయ్యమంటే, అబ్బాయి హాస్టలు ఫీజు ఎక్కణ్ణించి వస్తుందంటారు. అసలు ఒక సీజన్లో ఎన్ని మ్యాచ్‌లకు నిలబడవచ్చో మీరు చెబితే వింటారు" అని ఒక చిన్న పట్నం నుండి ఒక సోదరి రాశారు.

ఆటగాళ్ళ ఆరోగ్యం గురించి రాసేవాళ్ళు బోలెడుమంది. అంపైరు సంగతి ఎవరికీ పట్టదు. చూడండి, బాట్స్‌మన్ అవుటయితే టెంటు నీడలోకి వెళ్ళి కూర్చుంటాడు. బౌలరు తన ఓవర్లు అయ్యాక బౌండరీ దగ్గర సేద తీరుతాడు. తన జట్టు బాటింగు చేస్తున్నప్పుడు ఇద్దరు తప్ప మిగిలినవాళ్ళందరికీ విశ్రాంతే. మొదటి బంతి నుండి ఆఖరి బంతి దాకా ఎండలోనే వుండేవాళ్ళు ఇద్దరే ఇద్దరు, అంపైర్లు. పైగా మైదానంలో అందరికంటే వయసులో పెద్దవాళ్ళు కూడా వాళ్ళే.

"నిలబడడమే గదా, పరుగెత్తాలా ఏమన్నానా!" అని మీరనవచ్చు. నిలబడడమే అసలు కష్టం. గుండె నుండి కాళ్ళకు దిగిన రక్తం మళ్ళీ పైకి ఎక్కాలంటే పిక్కల కండరాలు దాన్ని పిండి పైకి తోయాలి. నడిచేటప్పుడు అడుగడుక్కీ ఈ పని జరుగుతూనే వుంటుంది. పైకి వెళ్ళిన రక్తం కిందికి జారకుండా సిరల్లో చిన్న చిన్న కవాటాలు అడ్డుకుంటాయి. కదలకుండా నిలబడినప్పుడు ఈ పంపు ఆగిపోతుంది. రక్తం పాదాల దగ్గర మడుగు కడుతుంది, అందులోని నీరు కండలోకి ఊరి చీలమండలు పొంగుతాయి. ఏళ్ళ తరబడి ఇదే జరిగితే కవాటాలు చెడిపోయి, పిక్కల మీద సిరలు నీలంగా మెలికలు తిరిగి ఉబ్బుతాయి. వెరికోస్ వెయిన్స్ అని మేము అనేది వీటినే. రోజంతా నిలబడి పనిచేసే క్షురకులకు, బస్సు కండక్టర్లకు, పాఠాలు చెప్పే టీచర్లకు ఇవి మామూలే. మన డ్రిల్లు మాస్టారు బడిలో ఏడాదంతా నిలబడి, సెలవుల్లో మళ్ళీ నిలబడుతున్నారన్నమాట.

రాత్రి కాళ్ళు ఎత్తుమీద పెట్టుకు పడుకుంటే తెల్లవారేసరికి వాపు తీసేస్తే సాధారణంగా భయం లేదు. తెల్లవారినా తీయకపోతే గుండె, మూత్రపిండాలు పరీక్ష చేయించుకోవాలి. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వేడిగా వుంటే మటుకు సిరలో రక్తం గడ్డకట్టిందేమోనని అనుమానించి ఆ రోజే ఆసుపత్రికి రావాలి. దానిమీద తైలం పెట్టి మర్దనా చేయవద్దు. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో మేకు గుచ్చినట్టు వుంటే అది వేరే జబ్బు, పాదం అడుగునుండే నరంలాంటి పట్టీ వాచిందని అర్థం. దానికి మందులకంటే మెత్తని అడుగు వున్న బూట్లే ముఖ్యం.

ఇక ఎండ. రెంటచింతలలోనో, రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం ఎలా వుంటుందో నేను వర్ణించనక్కర్లేదు. కోస్తా పట్నాల్లో ఎండ కాస్త తక్కువగా కనిపించినా ఉక్క ఎక్కువ. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అలాంటి ఎండలో గంటకు అర లీటరు నుండి లీటరు దాకా నీరు చెమటగా పోతుంది. శరీరం వేడికి అలవాటు పడడానికి వారం నుండి రెండు వారాలు పడుతుంది. అంచేత టోర్నమెంటు మొదటి నాలుగైదు రోజులే ఎక్కువ ప్రమాదం. మన మాస్టర్లు సరిగ్గా ఆ రోజుల్లోనే హుషారుగా మూడేసి మ్యాచ్‌లు ఒప్పుకుంటారు.

మా ఆసుపత్రిలో గమనించిన సంగతి ఒకటి చెబుతాను. నడుములో పోటు, మూత్రంలో మంట అంటూ వచ్చిన అంపైర్లను "ఆటలో నీళ్ళు తాగుతారా?" అని అడిగితే "లేదండీ, తాగితే మధ్యలో బయటికి వెళ్ళాల్సి వస్తుంది" అంటారు. మైదానం దగ్గర మరుగు ఎక్కడుంటుంది పాపం! కాని నీళ్ళు తాగక, వచ్చిన మూత్రాన్ని ఆపుకొని కూర్చుంటే మూత్రపిండాల్లో రాళ్ళు తయారవుతాయి. ఆ రాళ్ళనొప్పి వచ్చిన రాత్రి ఆయన మ్యాచ్‌కు సంపాదించినదంతా స్కానింగుకే పోతుంది.

సరే, ఎన్ని మ్యాచ్‌లు? అమెరికాలో బేస్‌బాల్ అనే ఆట వుంది. అక్కడి మేజర్ లీగులో ప్రతి జట్టూ సీజనుకు 162 ఆటలు ఆడుతుంది. పూర్తి ఉద్యోగంగా చేసే అంపైర్లు ఆరు నెలల్లో నూరుకు పైగా ఆటలు చేస్తారు. అమ్మో అనిపిస్తుంది గాని, అందులో ఒక కిటుకు వుంది. బంతి పట్టుకునేవాడి వెనక వంగి కూర్చుని, రెండు జట్లవీ కలిపి మూడువందల దాకా బంతుల్ని చూసి తీర్పు చెప్పే స్థానమే అన్నిటికంటే కష్టం. నలుగురు అంపైర్ల బృందంలో ఆ స్థానం రోజుకొకరికి వంతు వేస్తారు, అంటే కష్టమైన రోజు నాలుగు ఆటలకొకసారే. అది కాక సీజన్ మధ్యలో వంతులవారీ సెలవులు. ఇంత ఏర్పాటున్నా 1996 ఏప్రిల్ 1న సిన్సినాటిలో సీజన్ మొదటి రోజున జాన్ మెక్‌షెరీ అనే అంపైరు ఏడు బంతులు పడ్డాక కుప్పకూలి గుండెపోటుతో పోయారు. వయసు 51. భారీ మనిషి. మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ముందుగానే ఏర్పాటు చేసుకున్నారట. ఆ ఒక్క రోజే ఆయనకు కలిసిరాలేదు.

క్రికెట్‌కు వస్తే, 2002లో ఏర్పడిన ఎలైట్ ప్యానెల్ అంపైర్లకు ఐ.సి.సి. వేసిన లెక్క ఏడాదికి 8 నుండి 10 టెస్టులు, 10 నుండి 15 వన్డేలు. అన్నీ కలిపితే మైదానంలో నిలబడేది 75 రోజుల దాకా. వాళ్ళకు అదే ఉద్యోగం. మంచి తిండి, నీడ, వైద్యుడు అందుబాటులో వుంటాయి. వారానికి ఆరు రోజులు మరో ఉద్యోగం చేసి, సెలవు రోజున అంపైరింగుకు వెళ్ళే మనిషి అందులో సగం చేస్తే చాలా ఎక్కువ.

అంచేత వైద్యుడిగా నా అంచనా ఇది. 45 లోపు ఆరోగ్యవంతుడైతే నవంబరు నుండి ఫిబ్రవరి దాకా వారానికి రెండు రోజుల చొప్పున ముప్ఫై రోజులు, ఎండాకాలంలో పది రోజులు, మొత్తం ఏడాదికి 40 రోజులు. రోజు అన్నాను, మ్యాచ్ అనలేదు. 50 ఓవర్ల మ్యాచ్ అయితే రోజుకు ఒక్కటే, చలికాలంలో ఇరవై ఓవర్లవి రెండు. వేసవిలో పొద్దున పదకొండు లోపు ముగిసే ఇరవై ఓవర్ల మ్యాచ్ ఒక్కటి, అదీ రోజు విడిచి రోజు. యాభై దాటినవారు, రక్తపు పోటు, చక్కెర వ్యాధి వున్నవారు ఈ లెక్కలో సగం చేయాలి. అదీ ఇ.సి.జి., రక్తపరీక్షలు అయ్యాకనే. హాస్టలు ఫీజు మాటేమిటంటారా? వేసవిలో నలభై రోజులు వరసగా చేసే పనిని చలికాలపు ఆదివారాలకు పంచుకుంటే ఆదాయం మరీ అంతగా తగ్గదు. కొంత తగ్గుతుంది, కాదనను.

రక్తపు పోటుకు వాడే మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి. జలుబు మాత్రల్లో కొన్ని చెమటను తగ్గిస్తాయి. ఇవి వేసుకునేవాళ్ళకు వడదెబ్బ తొందరగా తగులుతుంది. మాత్ర మానవద్దు, మ్యాచ్‌ల సంగతి మీ డాక్టరుకు చెప్పండి. చక్కెర వ్యాధికి పొద్దున మాత్రో, ఇన్సులినో తీసుకుని మైదానానికి వెళ్ళారనుకోండి, భోజనం రెండున్నరకు గాని రాదు. ఈలోగా రక్తంలో చక్కెర పడిపోయి చేతులు వణకడం, చల్లని చెమటలు, మాట తడబడడం మొదలవుతాయి. చూసేవాళ్ళు ఎండ అనుకుంటారు. స్పృహ వుంటే ముందు మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించాలి. జేబులో గ్లూకోజు పొట్లం ఎప్పుడూ వుండాలి.

ఎండలో తిరిగిన మనిషి పొంతన లేకుండా మాట్లాడుతూ, తూలుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. చెమట పడుతున్నా సరే, వడదెబ్బే. నీడకు చేర్చి బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు కుమ్మరించి విసరాలి, వెంటనే 108కి ఫోను చేయాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయవద్దు. ఛాతీలో బరువు, ఎడమ చేతిలోకో దవడలోకో లాగడం వస్తే "గ్యాస్" అనుకుని సోడా తాగి ఇంకో ఓవరు నిలబడేవాళ్ళను చూశాను. ఆటను అక్కడికక్కడ ఆపి ఆసుపత్రికి వెళ్ళండి.

నిర్వాహకులకూ ఒక మాట. మ్యాచ్‌కు ఇద్దరు కాదు, ముగ్గురు అంపైర్లను పిలవండి. ఇన్నింగ్స్ మధ్యలో ఒకరిని మార్చి స్కోరు పుస్తకం దగ్గర నీడలో కూర్చోబెట్టండి. కప్పు కొనేటప్పుడు దానికి ఒక జానెడు ఎత్తు తగ్గిస్తే ఆ ఖర్చు వచ్చేస్తుంది.

ఇంట్లోవాళ్ళు చేయగలిగిందేమిటంటే, వెళ్ళేముందు ఉప్పు వేసిన పలచని మజ్జిగ రెండు గ్లాసులు ఇవ్వండి. రెండు లీటర్ల నీళ్ళు, వాటిలో ఒక లీటరులో ఓ.ఆర్.ఎస్. పొట్లం కలిపి సంచిలో పెట్టండి. గుండె, మూత్రపిండాల జబ్బుతో నీళ్ళు తగ్గించమన్నవాళ్ళు మాత్రం ముందు డాక్టర్ను అడగాలి. ఓవరు ఓవరుకూ మధ్య మునివేళ్ళమీద పదిసార్లు లేచి దిగమనండి, పిక్కల పంపు ఆగదు. వెళ్ళేముందు, వచ్చాక బరువు తూచండి. కిలో తగ్గితే లీటరు నీళ్ళు బాకీ అన్నమాట. మర్నాడు పొద్దున ఆ కిలో తిరిగి రాకపోయినా, మూత్రం ముదురు పసుపుగా వున్నా, ఆ రోజు మ్యాచ్‌కు వేరేవాళ్ళను చూసుకోమని ఫోను చేసి చెప్పేయండి.