ఉన్నత పాఠశాలలో ఆంగ్లాభ్యాసము – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

ఆవు వ్యాసము కథ మన గ్రామములలో తెలియనివారు అరుదు. పరీక్షకు ఆవునుగూర్చి కంఠస్థము చేసికొని వెళ్లిన బాలునికి కొబ్బరిచెట్టునుగూర్చి వ్రాయుమని ప్రశ్న వచ్చినది. అతడు చెట్టునుగూర్చి ఒక వాక్యము వ్రాసి, దానికి ఆవును కట్టివేసి, తక్కినదంతయు ఆవునుగూర్చియే వ్రాసెనట. ఈ కథ విని మనము నవ్వుకొందుము. కాని తొమ్మిది, పది తరగతులలో ఆంగ్లము చదువుచున్న మన పిల్లలలో పలువురి స్థితి ఇంతకంటె మెరుగుగా లేదు. జవాబులు వల్లించి ఉత్తీర్ణులగుదురు; కళాశాలలో పాఠ్యగ్రంథమును తమంతట తాము చదువవలసి వచ్చినప్పుడు వెనుకబడుదురు. ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయుటకు ఇంకొకరిని ఆశ్రయింతురు. ఈ నష్టము వారి కుటుంబములకును, గ్రామమునకును కూడ చెందినదే.

ఇందుకు కారణము పిల్లలకు తెలివి చాలకపోవుట కాదు. రెండు భాషల నిర్మాణము వేరు. తెలుగులో క్రియ సాధారణముగా వాక్యము చివర వచ్చును. ఆంగ్లములో కర్తకును కర్మకును నడుమ నిలుచును. ‘ఆమె ఉపాధ్యాయురాలు’ అను రెండు మాటలతో మన వాక్యము పూర్తియగును. ఆంగ్లములో ‘షి ఈజ్ ఎ టీచర్’ అని నాలుగు మాటలు కావలెను. అందలి ‘ఈజ్’కు గాని, ‘ఎ’కు గాని సమానమైన మాట మన వాక్యములో లేదు, కనుకనే పిల్లలు వానిని తరచుగా విడిచివేయుదురు. ‘బల్లమీద’ అనునప్పుడు ‘మీద’ తరువాత వచ్చును. ‘ఆన్ ది టేబుల్’ అనునప్పుడు ‘ఆన్’ ముందు వచ్చును. ‘ప్రతిదినము వస్తాడు’, ‘రేపు వస్తాడు’ అని మనము ఒకే క్రియారూపమును వాడుదుము. ఆంగ్లములో మొదటిదానికి ‘కమ్స్’ అనియు, రెండవదానికి ‘విల్ కమ్’ అనియు చెప్పవలెను. ఈ భేదములను సూత్రములుగా అప్పజెప్పినంతమాత్రమున భాష రాదు. ఈత నేర్చుటకు చెరువులో దిగవలసినట్లే, వ్యాకరణము నేర్చుటకు వాక్యములు వ్రాయవలెను.

ఇందుకు సులభమైన పద్ధతి కలదు. విద్యార్థి దినమునకు ఒక వ్యాకరణాంశమును మాత్రమే తీసికొని, తన ఇంటిని, పొలమును, ఊరిని గూర్చి ఐదు వాక్యములు స్వయముగా వ్రాయవలెను. ‘మై ఫాదర్ గోస్ టు ది ఫీల్డ్’ అని నేడు వ్రాసినదానినే రేపు ‘వెంట్’ అనియు, మరునాడు ‘విల్ గో’ అనియు మార్చవలెను. ఉపాధ్యాయుడు దిద్దిన వాక్యమును తిరిగి వ్రాయవలెను. తప్పు వ్రాసినవానిని పరిహసింపరాదు. సిగ్గుపడిన పిల్లవాడు మరల గైడు పుస్తకమునే పట్టుకొనును.

సాహిత్య పాఠములకును ఇదే వర్తించును. సారాంశమును వల్లించుట విమర్శనము కాదు. రవీంద్రనాథ్ ఠాగూరు 1892లో వంగభాషలో వ్రాసిన ‘కాబూలీవాలా’ కథకు ఆంగ్లానువాదములు కలవు. కలకత్తాలో ఎండుఫలములు అమ్ముకొను రహమత్, మినీయను చిన్నపిల్లతో స్నేహము చేయును. ఏండ్లు గడచి అతడు కారాగారమునుండి వచ్చునప్పటికి ఆమె పెండ్లికూతురు. దూరదేశమందున్న తన కుమార్తె చేతిముద్రగల కాగితమును అతడు చూపగా, మినీ తండ్రి పెండ్లి దీపములను, మేళమును తగ్గించుకొని అతనికి ధనమిచ్చి స్వదేశమునకు పంపును. ఏమి జరిగినది? ఎందుకు జరిగినది? అట్లని కథలో దేనివలన తెలియుచున్నది? ఈ మూడు ప్రశ్నలు వేసికొనుటయే విమర్శనము. ‘తండ్రి దయగలవాడు’ అని ఊరకొనరాదు. మొదట రహమత్‌ను పంపివేయజూచిన మనిషి కాగితమును చూచిన పిమ్మటనే మారెనని ఆధారము చూపవలెను. ఇట్లు ఆధారము వెదకుట నేర్చినవాడు రేపు దస్తావేజును గాని, ప్రభుత్వ ఉత్తరువును గాని చదివి అందేమున్నదో చెప్పగలడు.

ఇది ఉపాధ్యాయుల పని గదా యని సభ్యులు అనవచ్చును. 1992నాటి 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదునొకండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో మాధ్యమిక విద్యయు, గ్రంథాలయములును ఉన్నవి. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును పంచాయతీలే వసూలు చేయుచున్నవి. ఆ పుస్తకములు మన పిల్లల చేతికి అందుచున్నవో లేదో విచారించుట న్యాయమే. సాయంకాలము ఒక గంటసేపు వెలుతురుగల గది, ఒక ఆంగ్ల–తెలుగు నిఘంటువు, ఒక ఆంగ్ల దినపత్రిక, కొన్ని చిన్న కథల పుస్తకములు ఏర్పరచుట పెద్ద ఖర్చు కాదు. ఊరిలోని పట్టభద్రులను వారమునకు రెండు దినములు వచ్చి కూర్చుండుమని కోరవచ్చును. బాలికలు చీకటిపడకముందే ఇల్లు చేరునట్లు వేళను నిర్ణయింపవలెను.

ఆంగ్లము తెలియని సభ్యుడు సైతము ఈ అభ్యాసము సాగుచున్నదో లేదో కనిపెట్టగలడు. పాఠశాల కమిటీ సమావేశమునకు వెళ్లినప్పుడు నలుగురు పిల్లల నోటుపుస్తకములు తెరచి చూడుడు. నాలుగింటిలోను అక్షరము పొల్లుపోకుండ ఒకే జవాబు ఉన్నచో అది గైడునుండి దిగినదని తెలిసికొనుడు. వాక్యములు వేరువేరుగా ఉండి, ఎర్రసిరాతో దిద్దిన గుర్తులును, దిద్దిన పిమ్మట మరల వ్రాసిన వరుసలును కనిపించినచో ఆ ఉపాధ్యాయుని అభినందింపుడు. మార్కులతోపాటు ఈ పుటలను కూడ నెలకొకసారి చూచు అలవాటు చేసికొన్నచో, మన పిల్లలు తమ మాటను తామే వ్రాసికొనగలవారగుదురు.