తండ్రి నుంచి వచ్చే గుండె ముప్పు: ఆన్రిల్ కథ

రాత్రి మామూలుగా పడుకున్న మనిషి తెల్లారి లేవలేదన్న కబురు మన క్యాంపుల్లో కొత్త కాదు. "వాళ్ళ నాన్న కూడా ఇట్లాగే పోయాడట" అని తోటివాళ్ళు అనుకుంటారు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు.

2007లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్తలు ఒకవైపు, కెనడా, అమెరికా వాళ్ళు మరోవైపు విడివిడిగా వెతికి, మన 9వ క్రోమోజోములో ఒకే చోటికి చేరారు. అక్కడ ఉండే ఒక తేడా తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తే, అసలు రానివాళ్ళతో పోలిస్తే గుండెపోటు ముప్పు దాదాపు 60 శాతం ఎక్కువని ఐస్‌లాండ్ లెక్క. విచిత్రమేమంటే, సరిగ్గా ఆ చోట ప్రొటీన్ తయారుచేసే జన్యువే లేదు!

మరి ఏముంది? మన సైటు భాషలో చెప్పుకుందాం. డిఎన్ఏ ఆఫీసులో ఉండే అసలు డ్రాయింగు. ఆర్ఎన్ఏ దాని కాపీ. చాలా కాపీలు పని చేయించడానికి, అంటే ప్రొటీన్ కట్టడానికి వెళతాయి. కొన్ని పొడవాటి కాపీలు మాత్రం ఇటుక ముట్టవు. ఫోర్‌మన్ లాగా "ఈ పని ఆపు" అని చెబుతాయి. అటువంటిదే ఆన్రిల్. కణాలు అతిగా పెరగకుండా బ్రేకు వేసే జన్యువులు దాని పక్కనే ఉన్నాయి. వాటి నోరు మూయించడంలో దీనికి చెయ్యి ఉంది. ఇదే ఆన్రిల్ గుండ్రంగా చుట్టుకుంటే రక్తనాళాలకు మేలు చేస్తుందని 2016లో జర్మనీ పరిశోధకులు చూపించారు.

పుట్టుకతో వచ్చింది కదా, ఏం చేస్తాం అనుకోవద్దు. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో మన దక్షిణాసియా వాళ్ళ రక్తం కూడా పరీక్షించారు. పచ్చి కూరగాయలు, పళ్ళు బాగా తినేవాళ్ళలో ఈ తేడా వల్ల వచ్చే ముప్పు బాగా తగ్గింది. మెస్సులో రోజూ చికెనూ అన్నమేనా? కీరా, టమాటా, క్యారెట్ కొనడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

జన్యు పరీక్షకు డబ్బు తగలేయమని మేము చెప్పం. బీపీ, షుగరు చూపించుకుంటే అంతకంటే ఉపయోగం. మనవాళ్ళకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్ళకే వస్తోందని, మిగతా దేశాలవాళ్ళకు 59 దగ్గర పడుతుందని 2007లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం తేల్చింది.

ఛాతీ బరువెక్కి, ఎడమ చెయ్యి లాగి, చెమటలు పడితే గ్యాస్ అనుకుని పడుకోవద్దు. అంబులెన్సు నంబర్లు: యూఏఈలో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతార్‌లో 999.