అంబులెన్సు వచ్చులోపల

ఇంట నెవరికైన ప్రాణాపాయము కలిగినప్పుడు “అంబులెన్సు ఎంతసేపటికి వచ్చును?” అని మనమందఱమును తహతహపడుదుము. ఆ ప్రశ్న యుచితమే. కాని బండి రాకకు పట్టిన కాలమును మనము ఫోను చేసినది మొదలుకొని లెక్కింతురు. అంతకు ముందు మన యింటిలో గడచిపోయిన నిమిషములను లెక్కించువారు లేరు.

హైదరాబాదులో 108 సేవ 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన ఆరంభమయ్యెను. ఇది రోగిని చేరవేయు బండి మాత్రమే కాదు. ఇందు ప్రాణవాయువును, కట్లును, శిక్షణ పొందిన సహాయకుడును సిద్ధముగా నుండుటచే చికిత్స మన వాకిటనే మొదలగును.

అబిడ్సు, నాంపల్లి ప్రాంతముల వారికి ఆసుపత్రులు దూరము గావు. నాంపల్లిలో ప్రభుత్వాసుపత్రి కలదు. నీలోఫరు, ఉస్మానియా ఆసుపత్రులు సమీపముననే యున్నవి. అయినను జనవరిలో నుమాయిషు జరుగునపుడును, సాయంకాలము పెద్ద పోస్టాఫీసు కూడలిలో బండ్లు క్రిక్కిఱిసినపుడును ఆ కొలది దారియే దీర్ఘమగును.

గుండె నిలిచినచో 4 మొదలు 6 నిమిషములలోనే మెదడు చెడనారంభించును. ఎవ్వరును ఛాతీ నొక్కకున్నచో బ్రతుకు నాశ నిమిష నిమిషమునకు నూటికి 7 మొదలు 10 వంతులు తఱుగును. కావున ఆ నిమిషములలో ప్రాణమును నిలుపవలసినది దగ్గఱనున్నవారి చేయియే.

మా సందులో నొక వృద్ధురాలికి ఎదనొప్పి రాగా, కోడలు “మగవారు వచ్చిన పిదప చూతము” అని రెండు గంటలు వేచియుండెను. పిలిచిన పిమ్మట బండి వేగముగనే వచ్చినది. ఆమె బ్రదికెను గాని గుండె బలహీనమై నేటికిని మంచము దిగలేకున్నది. ప్రాణము కాపాడుట కెవరి యనుమతియు నక్కఱలేదు.

హనుమంతుడు ఓషధిపర్వతమును తేకమునుపే సుషేణుడు లక్ష్మణుని ముఖకాంతిని పరీక్షించి ప్రాణమున్నదని యెఱింగెను గదా! మనమును మొదట రోగిని పిలిచి చూడవలెను. పలుకక, సరిగా శ్వాసింపకున్నచో వెంటనే 108కి ఫోను చేసి, పెద్దవారికైన ఛాతీ నడుమ అఱచేతిమీద అఱచేతినుంచి, రెండంగుళముల లోతున, నిమిషమునకు 100 మొదలు 120 మాఱులు, సహాయము వచ్చువఱకు నొక్కవలెను. రక్తము కాఱుచున్నచో శుభ్రమైన బట్టతో గట్టిగా అదిమిపట్టవలెను. కాలిన చోట 20 నిమిషములు చల్లని నీటిధార పోయవలెనే కాని సిరా, పేస్టు పూయరాదు. మూతి వంకరపోయినను, చేయి పడిపోయినను, మాట తడబడినను అది మొదలైన వేళను గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలెను. నోట నేమియు పోయరాదు. రక్తపు గడ్డ కరగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపలనే యీయవలసియుండును.

ఫోనులో ఇంటి సంఖ్యతోపాటు దగ్గఱి గుడినో, మసీదునో, అంగడినో చెప్పుడు. అడిగిన ప్రశ్నలకు ఉత్తరమిచ్చువఱకు ఫోను పెట్టివేయకుడు. ఒకరిని సందు మొగమున నిలుపుడు. ఈ గుర్తులను నేడే యొక కాగితముపై వ్రాసి, ఇంట పిల్లలకును తెలియునట్లు గోడకు అంటింపుడు.