మూసీ యొడ్డున ఉప్పల్, నాచారం

అనంతగిరి కొండలలో పుట్టి, హైదరాబాదు నగరమును నడుమగా చీల్చుకొనుచు వచ్చు మూసీనది, అంబర్‌పేట దాటిన పిమ్మట ఎడమ యొడ్డున రామంతాపురమును, ఉప్పలును, కుడి యొడ్డున నాగోలును విడిచి తూర్పునకు సాగిపోవుచున్నది. ఈ నేల సుమారు 250 కోట్ల ఏండ్లనాటి గ్రానైటు శిల. దానిపై మన్ను పలుచన, వాననీరు నిలువదు. కావున పల్లమున్నచోటనెల్ల పూర్వులు కట్టవేసి చెరువు నిలిపిరి. ఉప్పల్ నల్లచెరువు, నాచారపు పెద్దచెరువు ఆనాటి సేద్యమునకు గుర్తులుగా నేటికిని మిగిలియున్నవి. వాని విస్తీర్ణమును మాత్రము అడుగరాదు.

ఓరుగల్లు బాట మీది ఉప్పలును, దాని యుత్తరమున నున్న నాచారమును, నగరము తనయందు ఇముడని వానిని తూర్పునకు పంపసాగిన నాటినుండి పల్లెతనమును కోల్పోయినవి. 1961లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఈ దారినే వెలసెను. భూగర్భమును శోధించువారికి ఈ ముదిరాయి నేల తగినదే కదా! నాచారమున పారిశ్రామికవాడయు, కార్మికులకై ఈఎస్ఐ ఆసుపత్రియు, నందమూరి తారక రామారావుగారి రామకృష్ణా స్టూడియోయు ఏర్పడెను. 2007లో ఉప్పల్ పురపాలకసంఘము మహానగరమున లీనమయ్యెను. క్రికెట్ మైదానము, మెట్రో రైలు ఎల్లరెఱిగినవే.

నదిని గూర్చి మాత్రము ఎఱిగినవారు తక్కువ. 1908 వరదల తరువాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయములు కట్టబడుటతో దిగువ మూసీకి సహజప్రవాహము సన్నగిల్లెను. అయినను నేడు ఉప్పల్ వద్ద ఏఱు నడివేసవియందును ఎండదు. ఏలయనగా మంజీరనుండి, కృష్ణనుండి, గోదావరినుండి గొట్టములద్వారా తెచ్చుకొన్న నీటిని నగరము వాడి విడిచి, మురుగుగా మూసీలో కలుపుచున్నది. నాగార్జునసాగరమునుండి మీదికెక్కించిన కృష్ణాజలమే ఈ విధముగా మలినమై, వాడపల్లి సంగమమున మరల కృష్ణను చేరుచున్నదన్నమాట!

ఈ నీటినే నమ్ముకొని ఉప్పల్ దిగువన పీర్జాదిగూడ, పర్వతాపురము రైతులు పచ్చగడ్డిని సాగుచేసిరి. నదికడ్డముగా కట్టిన కత్వలనుండి కాలువలకు మళ్ళిన మురుగులోని సారమే ఎరువగుటచేతను, ఒకమాఱు నాటిన గడ్డి ఏడాది పొడుగునను కోతకు వచ్చుటచేతను, నగరపు పాడిపశువులకు మోపులమ్ముకొని ఎన్నో కుటుంబములు జీవించినవి. వరి వేసినవారికంటె వీరికి చేతిలో రొక్కమాడుట యెక్కువ; మురుగులో దిగి కోయువారి కాళ్ళకు దురదలును తప్పలేదు. మురికినీరని ముక్కు మూసికొను నగరవాసి త్రాగు పాలలో ఆ నీటి పాలును కలదని జ్ఞాపకముంచుకొనవలెను.

అంబర్‌పేటలో దినమునకు 33.9 కోట్ల లీటర్లును, నాగోలులో 17.2 కోట్ల లీటర్లును శుద్ధిచేయగల కేంద్రములు ఏర్పడినవి. అవి నీటిని బాగుచేయవచ్చును గాని, గడ్డిమళ్ళను మింగుచున్నది మురుగు కాదు, ఇండ్లస్థలముల ధర. మోపుకు వచ్చు రూకలతో దానికి పోటీ యెక్కడిది?