వృద్ధ తల్లిదండ్రులకు ఇంటివద్ద ఇరవై నాలుగు గంటల సంరక్షణ - వ్యయం, హక్కులు, బాధ్యతలు

సికింద్రాబాద్ కంటోన్మెంటును ఆనుకొని ఉన్న యాప్రాల్ పరిసరాలలో విశ్రాంత సైనికోద్యోగుల కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడి ఉన్నాయి. ఉద్యోగ రీత్యా సంతానం ఇతర నగరాలలోనో, విదేశాలలోనో ఉండగా, ఇక్కడి కాలనీలలో, అపార్టుమెంట్లలో వయోవృద్ధులు దంపతులుగానో, ఒంటరిగానో జీవిస్తుండటం సాధారణ దృశ్యమైంది. తల్లి గాని తండ్రి గాని మంచం పట్టినప్పుడు ఇటువంటి కుటుంబాలకు ఎదురయ్యే మొదటి ప్రశ్న వైద్యానికి సంబంధించినది కాదు. రాత్రీపగలూ పక్కన ఎవరుండాలి, అందుకయ్యే ఖర్చు ఎవరు భరించాలి అన్నదే ఆ ప్రశ్న. మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల వరకు విస్తరించిన ఉత్తర హైదరాబాద్ శివార్లలోని కుటుంబాలన్నింటికీ ఇది వర్తిస్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 60 సంవత్సరాలు పైబడిన వారి సంఖ్య దాదాపు 10.38 కోట్లు. ఐక్యరాజ్యసమితి జనాభా నిధి 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం 2022లో జనాభాలో 10.5 శాతంగా ఉన్న వృద్ధులు 2050 నాటికి 20.8 శాతానికి చేరుకోగలరని అంచనా. 2017-18లో నిర్వహించి 2021లో విడుదల చేసిన జాతీయ వృద్ధాప్య అధ్యయనం (లాసీ) మేరకు, వృద్ధులలో దాదాపు నలుగురిలో ఒకరికి స్నానం, నడక, భోజనం వంటి నిత్యకృత్యాలలో కనీసం ఒకదానిలో ఇబ్బంది ఉంది. అదే అధ్యయనం ఆధారంగా 2023లో ప్రచురితమైన అంచనా ప్రకారం దేశంలో సుమారు 88 లక్షల మంది వృద్ధులు మతిమరుపు వ్యాధి (డిమెన్షియా)తో బాధపడుతున్నారు.

వ్యయం ఎక్కడినుంచి వస్తుంది?

వారానికి 168 గంటలు. ఒక కార్మికుడు వారానికి 48 గంటలు పనిచేయడం సాధారణ పరిమితి. ఈ లెక్కన ఒక వృద్ధుని పక్కన నిరంతరం ఒకరు ఉండాలంటే ముగ్గురున్నర మంది కార్మికుల శ్రమ అవసరమవుతుంది. గృహ సంరక్షణ వ్యయానికి మూలం ఇదే. ఒకే వ్యక్తిని ఇంట్లో ఉంచుకొని ఒక జీతంతో ఈ అవసరాన్ని తీర్చుకుంటున్నప్పుడు వ్యయం తగ్గినట్లు కనిపించినా, మిగిలిన రెండున్నర మంది శ్రమభారం ఆ ఒక్కరి నిద్రపైన, విశ్రాంతిపైన పడుతున్నదన్న సంగతి గమనించవలసి ఉంది.

లెక్క సులభంగా అర్థమయ్యేందుకు ఒక ఊహాత్మక ఉదాహరణను పరిశీలించవచ్చు. ఇవి మార్కెట్ ధరలు కావు. పన్నెండు గంటల షిఫ్టుకు 800 రూపాయల చొప్పున ఇద్దరు అటెండెంట్లను నియమించుకుంటే రోజుకు 1,600 రూపాయలు, 30 రోజుల నెలకు 48,000 రూపాయలు, సంవత్సరానికి 5 లక్షల 84 వేల రూపాయలు అవుతుంది. రోజుకు నాలుగు డైపర్లు, ఒక్కొక్కటి 40 రూపాయల చొప్పున లెక్కించినా నెలకు మరో 4,800 రూపాయలు. అటెండెంట్ల ఖర్చు ఏటా 7 శాతం పెరుగుతుందనుకుంటే ఐదేళ్లలో అది ఒక్కటే సుమారు 33.6 లక్షల రూపాయలకు చేరుతుంది. మందులు, వైద్యుల రాకపోకలు, ఆసుపత్రి మంచం, ఎయిర్‌బెడ్, ఆక్సిజన్ యంత్రం, ఫిజియోథెరపీ, అటెండెంటు భోజన వసతులు ఇందులో చేరలేదు. షిఫ్టు రేటు మారితే మొత్తం కూడా అదే నిష్పత్తిలో మారుతుంది.

లెక్కలోకి రాని మరొక వ్యయం ఉంది. కుమార్తె గాని కోడలు గాని ఉద్యోగం మానుకొని ఈ బాధ్యతను స్వీకరించినప్పుడు కుటుంబం బయటికి చెల్లించేది ఏమీ ఉండదు. అయితే ఆమె కోల్పోయే జీతం, భవిష్య నిధి, వృత్తిలో ఎదుగుదల ఆ కుటుంబం భరిస్తున్న వ్యయమే.

ఎవరి సేవ, ఎంతసేపు?

ప్రతి వృద్ధునికి ఇరవై నాలుగు గంటల నర్సు అవసరం ఉండదు. స్నానం, దుస్తులు ధరించడం, మరుగుదొడ్డి వినియోగం, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలపై అదుపు, భోజనం అనే ఆరు అంశాలలో ఏది స్వయంగా చేసుకోగలరో పరిశీలించి సేవ స్థాయిని నిర్ణయించే పద్ధతిని 1963లో అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్, ఆయన సహచరులు ప్రతిపాదించారు. నేటికీ అది ఆచరణలో ఉంది. ఈ ఆరు అంశాలకు తోడు ఏ వేళలో ప్రమాదం ఎక్కువో గుర్తించగలిగితే కొన్ని కుటుంబాలకు రాత్రి షిఫ్టు మాత్రమే సరిపోవచ్చు, మరికొన్నింటికి ఉదయం, సాయంత్రం కొన్ని గంటల సేవ చాలవచ్చు. స్నానాల గదిలో పట్టుకొనే కడ్డీలు, జారని నేల, రాత్రివేళ చిన్న దీపం వంటి ఒకసారి చేసే ఏర్పాట్లు పడిపోయే ప్రమాదాన్ని తగ్గిస్తాయి.

అదే విధంగా నర్సుకు, అటెండెంటుకు గల తేడాను గుర్తించవలసి ఉంది. ఇంజక్షన్లు, మూత్రపు గొట్టం అమర్చడం, గాయాలకు కట్టు కట్టడం వంటి పనులకు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదైన నర్సు అవసరం. శుభ్రత, భోజనం, నడిపించడం, పడక పుండ్లు రాకుండా తరచు పక్కకు తిప్పడం వంటివి శిక్షణ పొందిన అటెండెంటు చేయగలరు. ఈ రంగంలో 'జనరల్ డ్యూటీ అసిస్టెంట్', 'హోం హెల్త్ ఎయిడ్' పేర్లతో జాతీయ నైపుణ్య శిక్షణ కోర్సులు అమలులో ఉన్నాయి. ఏజెన్సీ నర్సు రేటు వసూలు చేస్తూ శిక్షణ లేని వ్యక్తిని పంపే అవకాశం ఉన్నందున ధ్రువపత్రాలను ముందుగానే చూడటం అవసరం.

బీమా, పథకాలు ఎంతవరకు?

ఆరోగ్య బీమా ఉంది గనుక గృహ సంరక్షణ ఖర్చు తిరిగి వస్తుందన్న అభిప్రాయం కుటుంబాలలో ఉంది. బీమా నియంత్రణ సంస్థ 2019లో నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపులలో, నిత్యకృత్యాలలో తోడ్పడే సంరక్షక సేవ కూడా ఒకటి. ఈ మినహాయింపు ఉన్న పాలసీలు స్నానం చేయించడం, నడిపించడం వంటి సేవలకు చెల్లించవు. వైద్యుని సలహాపై ఆసుపత్రికి బదులు ఇంటిలో జరిగే చికిత్స వేరు, రోజువారీ సంరక్షణ వేరు.

70 సంవత్సరాలు పైబడిన వారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా సంవత్సరానికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ రక్షణ కల్పించే విస్తరణను కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరు 11న ఆమోదించగా, అదే సంవత్సరం అక్టోబరు 29న అది ప్రారంభమైంది. రాష్ట్రంలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరు 9న 10 లక్షల రూపాయలకు పెంచారు. ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరి పొందే చికిత్సకు ఉద్దేశించినవి. నెలల తరబడి ఇంటివద్ద ఉండే అటెండెంటు వేతనం వీటి పరిధిలోకి రాదు.

రాష్ట్రంలో 2014 నవంబరులో ప్రారంభమైన ఆసరా వృద్ధాప్య పింఛను 2019లో 2,016 రూపాయలకు పెంచబడింది. పై ఉదాహరణలోని నెలసరి వ్యయంతో పోలిస్తే ఇది ఒక రోజు ఖర్చు కంటే కొద్దిగా మాత్రమే ఎక్కువ.

విశ్రాంత సైనికోద్యోగులకు 2003 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న మాజీ సైనికుల ఆరోగ్య పథకం (ఈసీహెచ్‌ఎస్) వైద్య చికిత్సను అందిస్తోంది. కేంద్ర ప్రభుత్వ, రక్షణ శాఖ పింఛనుదారులకు 80 సంవత్సరాలు నిండిన తరువాత మూల పింఛనుపై 20 శాతం, 85కు 30 శాతం, 90కి 40 శాతం, 95కు 50 శాతం, 100కు 100 శాతం అదనపు పింఛను చెల్లించే నిబంధన ఉంది. నూరు శాతం వైకల్యం కలిగి, నిరంతర సహాయకుడు అవసరమైన వైకల్య పింఛనుదారులకు ప్రత్యేక సహాయక భత్యం కూడా ఉంది. ఏడవ వేతన సంఘం అనంతరం 2017 జూలై 1 నుంచి దీనిని నెలకు 6,750 రూపాయలుగా నిర్ణయించారు. వయసు నమోదులో లోపాల వలన అదనపు పింఛను అందకపోయే ప్రమాదం ఉన్నందున పింఛను పత్రాలలో పుట్టిన తేదీని సరిచూసుకోవడం మంచిది.

క్యాన్సర్ వంటి వ్యాధుల చివరి దశలో నొప్పి నివారణ, ఉపశమన సేవల కొరకు రాష్ట్రంలో జిల్లా స్థాయి పాలియేటివ్ కేంద్రాలు ఏర్పాటు చేయబడ్డాయి. వీటి బృందాలు రోగుల ఇండ్లకు కూడా వెళ్తాయి. 2010-11లో ప్రారంభమైన జాతీయ వృద్ధుల ఆరోగ్య సంరక్షణ కార్యక్రమంలోనూ ఇంటివద్ద సేవలకు చోటు కల్పించబడింది.

చట్టం ఏమి చెబుతుంది?

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007 ప్రకారం తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు మేజరైన కుమారులు, కుమార్తెలు, మనుమలు, మనుమరాళ్ల నుంచి పోషణ కోరవచ్చు. 'పోషణ' అన్న పదంలో ఆహారం, వస్త్రాలు, నివాసంతో పాటు వైద్య పరిచర్య, చికిత్స కూడా చేరి ఉన్నాయి. రెవెన్యూ డివిజనల్ అధికారి స్థాయికి తగ్గని అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునల్ నోటీసు అందిన నాటి నుంచి 90 రోజులలో దరఖాస్తును పరిష్కరించాలి. ప్రత్యేక కారణాలపై ఒకసారి 30 రోజులు పొడిగించవచ్చు. విదేశాలలో ఉన్న సంతానానికి సమన్లు పంపే మార్గాన్ని కూడా చట్టం కల్పించింది. ట్రిబ్యునల్ ఉత్తర్వుపై వయోవృద్ధులు, తల్లిదండ్రులు 60 రోజులలో అప్పీలు చేసుకోవచ్చు.

మేడ్చల్-మల్కాజ్‌గిరి జిల్లాలో మల్కాజ్‌గిరి, కీసర రెవెన్యూ డివిజన్లు ఉన్నాయి. శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో 2022 ఆగస్టులో జిల్లా సమీకృత కార్యాలయాల సముదాయం ప్రారంభమైంది.

చట్టం మేరకు ట్రిబ్యునల్ నిర్ణయించగల పోషణ భత్యం నెలకు 10,000 రూపాయలకు మించరాదు. 2007లో నిర్దేశించిన ఈ పరిమితి పై ఉదాహరణలోని అటెండెంట్ల ఖర్చులో ఐదవ వంతు మాత్రమే. ఈ గరిష్ఠ పరిమితిని తొలగించి, అల్లుళ్లు, కోడళ్లను కూడా బాధ్యుల జాబితాలో చేర్చి, గృహ సంరక్షణ సంస్థల నమోదును తప్పనిసరి చేస్తూ 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు ప్రవేశపెట్టబడింది. అది చట్టరూపం దాల్చకుండానే 17వ లోక్‌సభ రద్దుతో ముగిసిపోయింది.

ఆస్తి బదిలీ విషయంలో 23వ సెక్షన్ ముఖ్యమైనది. తన కనీస అవసరాలు చూడాలన్న షరతుతో వయోవృద్ధుడు ఆస్తిని దానంగా గాని, ఇతర విధంగా గాని బదిలీ చేసినప్పుడు, ఆ షరతు నెరవేరకపోతే ట్రిబ్యునల్ ఆ బదిలీని చెల్లనిదిగా ప్రకటించవచ్చు. షరతు ఉన్నట్లు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో స్పష్టం చేసింది. వృద్ధుల రక్షణ కోసం ఉద్దేశించిన ఈ చట్టాన్ని ఉదారంగా అన్వయించాలని 2025 జనవరి 2న ఊర్మిళా దీక్షిత్ కేసులో పేర్కొంది. కావున ఇల్లు సంతానం పేరిట రాసే ముందు సంరక్షణ షరతును దస్తావేజులోనే స్పష్టంగా చేర్చడం శ్రేయస్కరం.

సంరక్షకుల హక్కులు

వృద్ధుని క్షేమం సంరక్షకురాలి క్షేమంతో ముడిపడి ఉంది. నిద్రలేని వ్యక్తి మందుల వేళలు తప్పవచ్చు, లేపి కూర్చోబెట్టేటప్పుడు పట్టు జారవచ్చు. 2011లో ఆమోదించబడిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 189వ ఒప్పందం గృహ కార్మికులకు వారానికి వరుసగా కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని నిర్దేశించింది. భారతదేశం ఈ ఒప్పందాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. అయినప్పటికీ ఈ ప్రమాణాన్ని పాటించడం కుటుంబాలకే మేలు. అసంఘటిత కార్మికుల నమోదుకు 2021 ఆగస్టు 26న ప్రారంభమైన ఈ-శ్రమ్ పోర్టల్‌లో వీరు పేరు నమోదు చేసుకోవచ్చు. పనిచేసే ఇంటిలో లైంగిక వేధింపులు ఎదురైతే 2013 చట్టం కింద జిల్లాలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేసే హక్కు వీరికి ఉంది.

ఏజెన్సీతో కుదుర్చుకొనే ఒప్పందంలో ఈ అంశాలు రాతపూర్వకంగా ఉండటం అవసరం: చెల్లించే మొత్తంలో కార్మికునికి చేరేది ఎంత; వారపు సెలవునాడు బదులు ఎవరు వస్తారు; చెప్పకుండా మానివేస్తే ఎన్ని గంటలలో మరొకరిని పంపుతారు; ముందస్తు డిపాజిట్ తిరిగి ఇచ్చే షరతులు ఏమిటి; పోలీసు ధ్రువీకరణ ఎవరి బాధ్యత.

ఇతర ప్రాంతాల అనుభవం

జర్మనీ 1995లో, జపాన్ 2000 ఏప్రిల్‌లో దీర్ఘకాలిక సంరక్షణ బీమాను ప్రవేశపెట్టాయి. జపాన్‌లో 40 సంవత్సరాలు నిండినవారు ప్రీమియం చెల్లిస్తారు. సేవ పొందినవారిలో ఎక్కువ మంది ఖర్చులో 10 శాతం భరిస్తారు. మన దేశంలో కేరళ 2008లో పాలియేటివ్ విధానాన్ని ప్రకటించి, స్థానిక సంస్థలు, స్వచ్ఛంద సేవకుల తోడ్పాటుతో ఇంటింటి సేవను విస్తరించింది. నీతి ఆయోగ్ 2024 ఫిబ్రవరిలో విడుదల చేసిన వృద్ధుల సంరక్షణ సంస్కరణల పత్రం ఇంటివద్ద సంరక్షణ ఆవశ్యకతను ప్రస్తావించింది. భారం ఒక్క కుటుంబంపైనే పడకుండా పలువురి మధ్య పంచబడటమే ఈ ఏర్పాట్లన్నింటిలోని సమాన లక్షణం.

సలహా, సహాయం, నిర్లక్ష్యంపై ఫిర్యాదుల కొరకు వయోవృద్ధుల సహాయవాణి 14567 అందుబాటులో ఉంది. తొలుత హైదరాబాద్‌లో ప్రారంభమైన ఈ సేవ 2021లో దేశవ్యాప్తం చేయబడింది. తల్లిదండ్రులు ఆరోగ్యంగా ఉన్నప్పుడే పింఛను, పొదుపు, ఆస్తి పత్రాలు, సోదరీ సోదరుల వాటాలు మాట్లాడుకొని రాసుకున్న కుటుంబాలు, ఆసుపత్రి నుంచి తిరిగి వచ్చిన రోజున తొందరపాటు నిర్ణయాలు తీసుకోవలసిన అగత్యం నుంచి చాలా వరకు తప్పించుకోగలుగుతాయి.